జననాట్యమండలి

విప్లవ రాజకీయమును పల్లెపాట ద్వారా తెలుగు ప్రజలకు చేర్చుటకై 1972వ సంవత్సరమున హైదరాబాదులో ఏర్పడి, కొంతకాలము బహిరంగముగను, పెక్కుకాలము అజ్ఞాతముగను వర్తించిన గాయక బృందమునకు జననాట్యమండలి యని పేరు. పేరున నాట్యమున్నను దీని ప్రాణము పాట; మండలి యన్నను ఇది నిలకడగల సభ్యుల సంఘము కాదు. ఇందు చేరువారు చేరుచుండిరి, వీడువారు వీడుచుండిరి. కొందరు చెరసాలలకును, కొందరు అడవులకును పోయిరి. కొందరు ప్రాణములు గోల్పోయిరి. మరికొందరు ఇంటికి మరలి ఉద్యోగములు చూచుకొనిరి. వేదికపై నిలిచిన ముగ్గురు నలుగురిలో ఎవరు మారినను పాట మారినట్లు వినవచ్చిన జనమునకు తోచలేదు. మండలి చరిత్రతోపాటు, ఆ చరిత్ర తాకిడికి దశాబ్దుల తరబడి లోనైన విశాఖ మన్యమును, అందును ఒడిస్సా సరిహద్దున నున్న ముంచింగిపుట్టు సీమను దృష్టియందుంచుకొని, వ్యక్తులు మారుచున్నను ఇట్టి బృందము ఎట్లు నిలువగలిగెనో ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నది.

చట్టమునకు వెలియైన గాయకులను భావన ప్రపంచ సంగీత చరిత్రలో అపూర్వము కాదు. అమెరికాలో నాష్‌విల్ నగరపు రికార్డు కంపెనీలు అచ్చటి పల్లె సంగీతమునకు తాము మెచ్చిన బాణీని, తాము నియమించిన వాద్యగాండ్రను విధించుచుండగా, తమ పాటను తమ బృందముతోనే తమ యిచ్చ వచ్చినట్లు పాడుదుమని 1970 తరువాతి సంవత్సరములలో పట్టుబట్టిన వేలన్ జెన్నింగ్స్, విల్లీ నెల్సన్ మొదలగువారికి ‘అవుట్‌లా’ గాయకులని పేరు వచ్చెను. వారి పాటలను కూర్చి 1976లో ‘వాంటెడ్! ది అవుట్‌లాస్’ అను ఆల్బమును వెలువరించి, నేరస్థుల కొరకు పోలీసులు గోడలకంటించు ప్రకటన వలె దాని అట్టను చిత్రించిరి. ఆ సంగీతమున పదిలక్షల ప్రతులు దాటి ప్లాటినమ్ గుర్తింపు పొందిన మొదటి ఆల్బము అదియే. వారి ధిక్కారము కంపెనీల మీద. దానిని అమ్మి లాభించినదియు కంపెనీయే. జననాట్యమండలి సంగతి వేరు. తలకు వెల కట్టిన ప్రకటన ఇచ్చట అట్టమీది బొమ్మ కాక, నిజముగనే ఠాణా గోడమీద అంటింపబడిన కాగితము.

పూర్వరంగము: పాటకు పోలీసు అనుమతి కావలయునను నియమము మన దేశమున ఆంగ్లేయులు తెచ్చినది. నీలిమందు తోటల దొరతనమును బట్టబయలు చేసిన దీనబంధు మిత్రుని ‘నీలదర్పణము’ వంటి నాటకములు వంగదేశమున కలిగించిన అలజడి నేపథ్యమున, 1876లో నాటక ప్రదర్శనల చట్టము పుట్టెను. ఆ చట్టపు ధోరణియే తరువాతి ప్రభుత్వములకును వారసత్వముగ సంక్రమించెను. 1943లో బొంబాయి నగరమున అఖిలభారత స్థాయిలో ప్రజానాట్య ఉద్యమము ఆరంభమైనపుడు ఆంధ్రదేశమున దానికి శాఖగా ప్రజానాట్యమండలి ఏర్పడెను. వృత్తిచేత వైద్యుడైన గరికపాటి రాజారావు దానికి సారథియయ్యెను. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రచించిన ‘మా భూమి’ నాటకము తెలంగాణ రైతాంగ పోరాటమును ఇతివృత్తముగ గొని 1947లో వెలువడి, ఊరూర ప్రదర్శింపబడి, పిమ్మట నిషేధమునకు గురియయ్యెను. బుర్రకథ గతియు అంతే: నైజాము రాజ్యమునందును, మద్రాసు రాజధానియందును ఆ కళారూపమునే నిషేధించిరి. ఒక కథను గాక కథ చెప్పు పద్ధతినే నేరముగ నెంచుట, ఆ పద్ధతికి గల బలమును ప్రభుత్వమువారు బాగుగ నెరిగియుండిరనుటకు నిదర్శనము.

ఆ బలమెట్టిదో తెలియుటకు షేక్ నాజర్ బృందమును స్మరింపవలెను. గుంటూరు జిల్లాలోని పొన్నెకల్లున పుట్టిన నాజరు తంబురా భుజమున వైచికొని, కుడిచేతి వేళ్లనున్న అందెలను మ్రోగించుచు నడుమ నిలిచి కథ నడపును. ఇరువంకల గుమ్మెటలతో వంతలు నిలుతురు. కుడివంకవాడు రాజకీయము మాటలాడును, ఎడమవంకవాడు హాస్యము పండించును. కథకుడు పల్నాటి వీరులను గూర్చి చెప్పుచుండగనే కుడివంత ఆనాటి వడ్డీవ్యాపారిని, కరణమును ముగ్గులోనికి లాగును. ప్రేక్షకుడు కోపగించుకొనులోపల ఎడమవంత నవ్వించును. ముగ్గురు మనుష్యులు, మూడు వాద్యములు, తెర లేదు, దీపము లేకున్నను జరుగును. ఠాణేదారు వచ్చునంతలో ముగ్గురును పొలముగట్ల వెంబడి కనుమరుగు కావచ్చును. జననాట్యమండలి తరువాతి కాలమున అనుసరించిన వేదిక కూర్పునకు ఇదియే మాతృక.

శ్రీకాకుళ ఘట్టము: మండలి పుట్టుకకు తక్షణ కారణము ఉత్తరాంధ్రపు కొండలలో నున్నది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు పోవుచున్న గిరిజనులపై లేవిడి గ్రామమున భూస్వాములు కాల్పులు జరుపగా కోరన్న, మంగన్న అను ఇరువురు మరణించిరి. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసము అను ఇరువురు ఉపాధ్యాయులు నడిపిన గిరిజన సంఘము ఆ పిదప సాయుధ మార్గము పట్టెను. ఆ ఉద్యమమునకు గొంతుకయైన వాడు సుబ్బారావు పాణిగ్రాహి. ఒరియా కుటుంబమున పుట్టి, పలాసకు చేరువ బొడ్డపాడు గ్రామమున దేవాలయార్చకుడుగా నుండి, తెలుగున జముకుల కథలు కట్టి చెప్పిన ఈయన చరిత్ర నాటకమును మించినది. జముకు ఉత్తరాంధ్రకు ప్రత్యేకమైన వాద్యము. డొల్లగానున్న పాత్రకు ఒకవైపు తోలు మూసి, ఆ తోలు నడుమనుండి తీసిన తంత్రిని బిగించి మీటగా, దాని పేరే దాని శబ్దమై వినవచ్చును. ఎల్లమ్మ కథలు చెప్పుటకు ఉపకరించు ఆ వాద్యమును పాణిగ్రాహి కూలిరైతు కథకు మళ్లించెను. 1969 డిసెంబరులో రంగమటియా కొండలలో ఉద్యమకారిణి పంచాది నిర్మల మొదలైనవారితోపాటు ఆయనయు పోలీసు కాల్పులలో మరణించెను. 1970 జూలైలో సత్యనారాయణ, కైలాసము మరణించిరి. ఆ మాసమున 4వ తేదీననే హైదరాబాదున విప్లవ రచయితల సంఘము శ్రీశ్రీ అధ్యక్షుడుగ ఏర్పడియుండెను. ఉద్యమము అణగిపోవుచున్న వేళ దాని సాహిత్యము మొలకెత్తుట యాదృచ్ఛికము కాదు. చనిపోయినవారిని గూర్చి పాడవలసిన అవసరమే ఆ సాహిత్యమునకు తొలి ప్రేరణ. మండలి పాటలలో స్మృతిగీతములకు గల ప్రాధాన్యమునకు మూలము ఇచ్చటనే కలదు.

ఆవిర్భావము: హైదరాబాదున బి. నర్సింగరావు, ఆయన మిత్రులు నడుపుచుండిన ‘ఆర్ట్ లవర్స్’ అను కళాభిమానుల సంఘము 1972 నాటికి జననాట్యమండలిగా రూపాంతరము చెందెను. మెదకు జిల్లాలోని తూప్రానున 1949లో జన్మించి, నగరమునకు వచ్చి బుర్రకథలు చెప్పుచుండిన గుమ్మడి విఠల్‌రావు అందు ప్రధాన గాయకుడయ్యెను. రిక్షా తొక్కు శ్రామికుని గూర్చినది ఆయన తొలినాటి పాటలలో ఒకటి. 1913లో అమెరికాలోని భారతీయులు స్థాపించిన గదర్ పార్టీని తలపించునట్లు తొలి పాటల సంపుటికి ‘గద్దర్’ అని పేరు పెట్టగా, జనము ఆ పేరును గాయకునకే అంటగట్టిరి. వ్యక్తిని మరుగుపరచి సమూహమును ముందు నిలుపవలెనని పుట్టిన బృందము, తెలుగు పాటలో అత్యంత ప్రసిద్ధమైన వ్యక్తినామమునకు జన్మనిచ్చుట ఈ చరిత్రలోని పెద్ద వైచిత్ర్యము. గద్దర్ 1975లో కెనరా బ్యాంకున ఉద్యోగియై, 1984లో ఆ కొలువు విడిచెను.

పాటలు కట్టినవారు పెక్కురు. దిగంబర కవులలో నొకడై, ఉపాధ్యాయ వృత్తినుండి తొలగింపబడి, 1974 నాటి సికింద్రాబాదు కుట్రకేసున ముద్దాయియైన చెరబండరాజు పాటలును, శివసాగర్ అను కలముపేరుగల కె.జి. సత్యమూర్తి పాటలును మండలి కంఠమున ఊరూర తిరిగినవి. 1974లో ఏర్పడిన అరుణోదయ సాంస్కృతిక సమాఖ్య ఇదే త్రోవన వేరొక రాజకీయ శాఖకు గొంతుకయ్యెను. పార్టీలు చీలినపుడు పాటగాండ్రును చీలిరి. పాటలు మాత్రము గోడ దూకి ఇరువంకల తిరుగుచునే యుండినవి.

వేదికపై మండలి రూపము సరళమైనది. నడుమ గాయకుడు, పైమేన వస్త్రము లేక, భుజమున నల్లని గొంగడి, మోకాళ్ల వరకు ఎగగట్టిన పంచె, కాళ్లకు గజ్జెలు, చేత ఎర్రగుడ్డ కట్టిన కర్ర. ఒకప్రక్క ఢోలకు, రెండవప్రక్క డప్పు. డప్పు మండలికి కేవలము వాద్యము కాదు. ఊరి చివరి పేటలవారు చావుకును, చాటింపునకును కొట్టవలసిన వెట్టివాద్యమును నడివేదికకు తెచ్చుట ఒక ప్రకటన. ప్రదర్శనకు ముందు గడ్డి మంటచుట్టు నిలిచి తోలును కాచి, శ్రుతి బిగిసినదో లేదో వ్రేలితో మీటి చూచుకొని, కురుచయైన సిర్రను ఒకచేతను, సన్నని చిటికెనపుల్లను వేరొకచేతను పట్టి వాయింతురు. కాచిన తోలు చల్లబడినకొలది నాదము సడలిపోవును గనుక, దీర్ఘమైన ప్రదర్శనలలో నడుమ నడుమ మంట వెలిగింపక తప్పదు. ఆ విరామములయందు గాయకుడు మాటలాడును. రాజకీయోపన్యాసమునకు చోటు అట్లు దొరకెను.

పాట నిర్మాణమే సభ్యులు మారుటకు వీలు కలిగించినది. పల్లవి చిన్నది, జనమునకు ముందే తెలిసిన ఉయ్యాల పాటదో, నాటుపాటదో బాణీ. ప్రధాన గాయకుడు చరణమెత్తి ఇచ్చును, తక్కినవారందుకొందురు. చరణములు ఊరినిబట్టి మారును: నిన్న ఒక ఊరి దొర పేరున్నచోట నేడు వేరొక దొర పేరు చేరును. వ్రాసినవాని పేరు పెక్కుమార్లు తెలియదు. తెలిసినను చెప్పరు, ఏలయన పేరు చెప్పుట పోలీసులకు సాక్ష్యమిచ్చుటయే. గొంతు మంచిదా కాదా అనుట రెండవ మాట, వంత పాడగలవాడెవడైనను మరునాడు ముందునకు వచ్చి చరణమెత్తగలడు. శిక్షణ శిబిరములలో యువకులకు ఈ విద్య నేర్పి పంపుచుండిరి. ఒక బృందము పట్టువడినను, అదే పేరున వేరొక జిల్లాలో వేరొక బృందము అదేవారము పాడగలుగుటకు ఇదియే కీలకము.

వంగపండు: ఉత్తరాంధ్రపు నుడికారమును మండలికి తెచ్చినవాడు వంగపండు ప్రసాదరావు. పార్వతీపురమునకు చేరువనున్న పెదబొండపల్లిలో 1943లో పుట్టి, విశాఖపట్టణమున హిందూస్థాన్ షిప్‌యార్డులో పనిచేసి, 2020 ఆగస్టు 4న పార్వతీపురముననే కన్నుమూసెను. మూడువందలకు పైగా పాటలు కట్టెను. ‘భూభాగోతం’ అను నృత్యరూపకము భూమి చరిత్రను భాగవతుల ఆటగా చెప్పినది. కర్మాగారపు యంత్రమును గూర్చిన ఆయన పాటలో ఓడల కర్మాగారమున గడిపిన పగళ్ల అనుభవము స్పష్టముగ కాననగును. గద్దర్ పాట ఉరిమి పడును. వంగపండు పాట ఎకసక్కెమాడుచు వచ్చి కూర్చుండును. ఆయన హాస్యమునకు, కళింగ మాండలికమందలి సాగుడునకు మండలి ఋణపడినంతగా విమర్శకులు గుర్తింపలేదని నా యభిప్రాయము. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ యను ఆయన పాట 1986 నాటి ‘అర్ధరాత్రి స్వతంత్రం’ చిత్రమున ప్రసిద్ధికెక్కి, 2009లో ‘మగధీర’ వంటి భారీ వాణిజ్య చిత్రమునకు సైతము పల్లవిని అరువిచ్చినది. పోరాటమునకు పిలిచిన పల్లవి ప్రేమగీతమున కుదురుకొనుట చూచి ఆశ్చర్యపడనక్కరలేదు. ఆ పిలుపులో మొదటినుండియు జంటగా నడుచువారి చనువు కలదు.

కొండలలో పాట: ముంచింగిపుట్టు ఇప్పుడు పాడేరు కేంద్రముగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని మండలము. ప్రక్కనే మాచ్‌ఖండ్ నది. దానిపై జలాపుట్ జలాశయము, డుడుమ జలపాతము, 1955 నుండి విద్యుత్తు నిచ్చుచున్న కర్మాగారము కలవు. పోర్జ, బగత, కొటియా, వాల్మీకి, గదబ మొదలైన తెగలవారిచట నివసింతురు. ఇంట ఒక భాష, సంతలో ఆదివాసీ ఒడియా, కచేరీలో తెలుగు. ఇట్టిచోట కేవలము తెలుగు మాటను నమ్ముకొన్న ఉపన్యాసము నిలువజాలదు. పాటకు మాటకంటె ముందు అడుగు కుదురవలెను.

అడుగన ఈ సీమలో ధింసాయే. మోరి ఊదువాడు బాణీ నెత్తగా, తుడుము, డప్పు, కిరిడి, జోడుకొమ్ములు కలియును. స్త్రీలు వరుసగ నిలిచి, ఒకరి వెన్నుమీదుగ వేరొకరి చేయి పోనిచ్చి పట్టుకొని, అర్ధవలయముగ కదలుదురు. బోడ ధింసా గ్రామదేవతకు మ్రొక్కు. పోతర్‌తోలా ఆకులేరుకొను పని. బాగ్ ధింసా పులిబారినుండి తప్పించుకొనుట. కుండ ధింసాలో భుజములతో ఒకరినొకరు ఒరసికొందురు. గమనింపదగినది వరుస తీరు: అలసినది చేయి విడిచి వెలికి పోవును, బిడ్డను దింపి వచ్చినది ఆ చోట పట్టుకొనును, అడుగు తప్పదు, వరుస తెగదు. బృందమునకు సభ్యుల జాబితా ఉండవలెనను నియమమే ఇచ్చటివారికి తోచదు. జననాట్యమండలి నగరమునందు కష్టపడి సాధించిన మార్పుగుణము ఈ కొండలయందు సహజసిద్ధముగ నుండెను. ఆంధ్ర ఒడిస్సా సరిహద్దు కొండలలో తిరిగిన సాయుధ విప్లవ దళములయందలి పాటగాండ్రకు శ్రోతలను గాక తోడియాటగాండ్రను ఇచ్చినది ఈ సంప్రదాయమే. వంగపండు పాటలు కొన్ని గిరిజన భాషలలోనికి వెళ్లినవి. పోడు భూమి, అటవీ సిబ్బంది దర్పము, షావుకారు తూకము, గిరిజనుల భూమి గిరిజనేతరులకు చెల్లదని 1970లో బిగించిన 1/70 నిబంధన అమలు కాకపోవుట మొదలగునవి ఆ పాటల విషయములు. ఇవి ఇచ్చటివారికి వేరొకరు చెప్పగా తెలియవలసిన సంగతులు కావు.

మరియొక సంగతి చెప్పక తప్పదు. పాటకు గల శక్తిని పోలీసు శాఖయు గ్రహించి, తన పక్షమున కళాజాతలను నిర్మించెను. అవే బాణీలు, అదే డప్పు, అవే గజ్జెలు. పల్లవి మాత్రము దళములను వీడి రమ్మని. ఏటేట జూలై 28 నుండి ఆగస్టు 3 వరకు మావోయిస్టులు అమరుల వారోత్సవములు జరుపునప్పుడు ఈ మారుమూల దారులపై బస్సులు తగ్గును, తనిఖీలు పెరుగును. ఉభయపక్షముల నడుమ నలిగిన గిరిజనునకు రెండు పాటలును కంఠస్థములే. ఏది ఎవరియెదుట పాడవలెనో తెలియుట అతనికి ప్రాణావసరమైన విద్య.

అజ్ఞాతము, నిషేధము: 1975 నాటి అత్యవసర పరిస్థితిలో మండలివారు నిర్బంధముల పాలైరి. 1977 తరువాత మరల బయటకు వచ్చినపుడు కరీంనగరు, ఆదిలాబాదు రైతుకూలీ ఉద్యమములు ఉధృతముగ నుండుటచే సభలకు కొదవ లేకపోయెను. నర్సింగరావు నిర్మాతగా గౌతమ్ ఘోష్ దర్శకత్వమున వచ్చిన ‘మా భూమి’ చిత్రమున బండి యాదగిరి పాటను గద్దర్ తెరపై పాడుటతో, ఒక తరము నాటి తెలంగాణ పోరాట గీతము మరల జనసామాన్యమునకు చేరెను. 1985 జూలై 17న కారంచేడు గ్రామమున దళితుల ఊచకోత జరిగినది. ఆ సంవత్సరముననే గద్దర్ అజ్ఞాతమునకు పోయెను. ప్రధాన గాయకుడు కనబడని ఆ యేండ్లలో మండలి మౌనము వహింపలేదు. క్యాసెట్టు అప్పుడే పల్లెలకు చేరుచుండెను. ప్రతినుండి ప్రతి తీసి, అరిగి, గొరగొరలాడుచున్న ఆ పాటలు టీకొట్లయందు మ్రోగినవి. గద్దర్ మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఒడిస్సా, బీహారు ప్రాంతముల తిరుగుచుండగా, దండకారణ్యమున చేతనా నాట్య మంచ్ అను పేర గోండు యువతీయువకుల బృందములు ఇదే బీజమునుండి మొలకెత్తినవి.

1990 ఫిబ్రవరిలో, మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వము నిర్బంధమును సడలింపగా గద్దర్ బహిరంగమునకు వచ్చెను. నిజాం కళాశాల మైదానమున జరిగిన సభకు జనము వెల్లువగ వచ్చిరి. ఆ సడలింపు స్వల్పకాలికము. 1992 మే నెలలో, మండలి అనుబంధముగ నున్న పీపుల్స్‌వార్ పార్టీయు దాని అనుబంధ సంఘములును నిషేధింపబడెను. 1995లో ఎత్తివేసిన ఆ నిషేధము 1996లో మరల వచ్చెను. 1997 ఏప్రిల్ 6న ఆగంతకులు గద్దర్‌ను ఇంటికడనే కాల్చిరి. దేహమున నిలిచిన తూటాలలో ఒకటి వెన్నెముక చెంత తీయరాక జీవితాంతము ఉండిపోయెను.

గుణదోషములు: మండలి చేసిన మేలు చెప్పితిమి. లోపములును గలవు. స్త్రీలు నాట్లువేయుచు పాడుకొనిన పాటల బాణీలను గ్రహించి, అందలి వలపును, కొంటెతనమును తీసివైచి, నినాదమును నింపుట తరచుగ జరిగినది. నినాదము పాతబడినపుడు ఆ పాట ఎందులకును కొరగాక పోయెను. పార్టీ నిర్ణయము మారినపుడెల్ల పాట మారుట కళాకారునకు సంకటము. చనిపోయినవారిపై కట్టిన పాటలలో పెక్కింటికి పేరు మార్చిన చాలును, వేరొకరికి సరిపోవును. అయినను ఆ పాటలలో ఒకటి రెండు తల్లి దుఃఖమును పట్టుకొన్నవి; వాని యెదుట విమర్శ నోరు మెదపలేదు.

ఉత్తరకాలము: కొత్త శతాబ్దమున గద్దర్ తెలంగాణ రాష్ట్ర వాంఛకు గొంతుకయ్యెను. 2010లో తెలంగాణ ప్రజా ఫ్రంట్ స్థాపించెను. విప్లవ పార్టీతో సంబంధము తెగెను. 2018లో జీవితమున తొలిసారి ఓటు వేసెను. 2023 ఆగస్టు 6న మరణించెను. ‘ఒరేయ్ రిక్షా’ చిత్రమున చెల్లెలిపై ఆయన వ్రాసిన పాటకు ప్రభుత్వము నంది పురస్కారము ప్రకటింపగా ఆయన తిరస్కరించియుండెను. తెలంగాణ ప్రభుత్వము 2024లో తన చలనచిత్ర పురస్కారములకు గద్దర్ పేరు పెట్టుటకు నిశ్చయించి, 2025 జూన్ 14న హైదరాబాదున వానిని తొలిసారి ప్రదానము చేసెను.